పదిహేడు చుక్కల పరదా

అంకమ్మరావు ఒక్క ఉత్తరం చదివి వినిపించి ఉంటే పెడన కాలవ గట్టు మీద ఈ రోజుకీ హుస్సేన్ గుడ్డలే ఆరుతూ ఉండేవి. పెద్ద ఉత్తరమేం కాదు, ఒకటిన్నర పేజీ. వేడి టీ చల్లారేలోగా చదవడం అయిపోయేది. బందరులో అంకమ్మరావు గుడ్డల కొట్లో బల్ల సొరుగు లాగితే పైనే ఉంది. మూడు నెలలు అక్కడే ఉంది. ఆ మూడు నెలల్లో హుస్సేన్ ఆ బల్ల ముందు పదకొండుసార్లు నిలబడ్డాడు. పదకొండుసార్లూ అంకమ్మరావు ఆ సొరుగు తెరిచాడు, మూశాడు.

కబురొచ్చింది డెబ్బై ఎనిమిది జనవరిలో. ఉప్పెన వెళ్లి అప్పటికి రెండు నెలలు. హుస్సేన్ ఇంటి వెనక అద్దకం పాక ఎగిరిపోయింది. బల్లలు రెండూ విరిగిపోయాయి. తండ్రి ముక్తార్ నలభై ఏళ్లు పోగుచేసిన టేకు అచ్చులు, ఆరువందల పైచిలుకు, ఒక్క పూటలో నీళ్లపాలయ్యాయి. పువ్వుకో అచ్చు, ఆకుకో అచ్చు, నెమలి కంటికో అచ్చు. అవి రంగులో ముంచి గుడ్డ మీద అద్దడమే వాళ్ల బతుకు. అవి పోయాక హుస్సేన్ పొద్దున్నే లేచి ఏం చెయ్యాలో తోచక కాలవ గట్టుకు వెళ్లి కూచునేవాడు.

గట్టు మీది స్థలం మాత్రం మిగిలింది. స్థలాన్ని నీళ్లు మోసుకుపోలేవు గదా. ముక్తార్ కొన్న స్థలం అది. పారే నీళ్లలో జాడించి, ఇసక మీద పరిచి, ఎండుతుంటే నీళ్లు చల్లి మళ్లీ ఎండబెడితే గాని కలంకారీ గుడ్డకు రంగు తేరదు. పెడనలో అద్దకం తెలిసినవాళ్లు వీధికి పదిమంది ఉన్నారు. కాలవలోకి సొంత మెట్లున్నవాళ్లు ముగ్గురే. హుస్సేన్ అందులో ఒకడు. అయిదో తరగతిలో బడి మానేసి ఆ మెట్ల మీదే పెరిగాడు. స్థలం ఉన్నంతకాలం తను ఎవరి దగ్గరా కూలివాడు కాడు. ఆ ధీమా ఒక్కటే ఉప్పెన తర్వాత అతన్ని నిలబెట్టింది.

అంకమ్మరావు కబురంపితే బస్సెక్కి బందరు వెళ్లాడు. కొట్లో అంకమ్మరావు మాంచి హుషారుగా ఉన్నాడు. కుర్చీ చూపించి, టీ తెప్పించి, సంగతి చెప్పాడు. బీరూట్ అని సముద్రం అవతల ఊరుందట. రెండేళ్లుగా ఆ ఊరు రెండు ముక్కలై కొట్టుకుందట. బయటి శత్రువెవరూ లేరు, ఒకే వీధిలో ఈ అరుగువాళ్లు ఆ అరుగువాళ్లని కాల్చుకున్నారు. ఇప్పుడు కొంచెం చల్లబడింది, కొట్లు తెరుస్తున్నారు. ఇళ్లకి తలుపుల్లేవు, కిటికీలకి అద్దాల్లేవు. అందుకని గుమ్మాలకి పరదాలు కావాలి. నాలుగువందలు.

నాలుగువందలు అనేసరికి హుస్సేన్ టీ గ్లాసు కింద పెట్టేశాడు.

అంకమ్మరావు కాగితం పొట్లం విప్పి నమూనా పరదా బల్ల మీద పరిచాడు. మధ్యలో చెట్టు, చెట్టుకి రెండు పక్కలా నెమళ్లు, చుట్టూ తీగ అంచు. హుస్సేన్ చెట్టునీ చూడలేదు, నెమళ్లనీ చూడలేదు. కుడి మూల అంచు తిరగేశాడు. గోరంత చేపపిల్ల గుర్తు. ముక్తార్ గుర్తు. తండ్రి పదిహేనేళ్ల కిందట అద్దిన గుడ్డ సముద్రాలు తిరిగి మళ్లీ అతని చేతిలోకి వచ్చింది.

అప్పుడు కనిపించాయి, ఎడమ వైపు కింద, చెట్టు మొదలు దగ్గర, గోధుమరంగు చుక్కలు. లెక్కపెట్టాడు. పదిహేడు. పెద్దది పావలా బిళ్లంత, చిన్నది ఆవగింజంత. ఏటవాలుగా జారినట్టు ఉన్నాయి. అంచులు గీత గీసినట్టు లేవు, గుడ్డలోకి పాకి మెత్తగా కలిసిపోయాయి. అటువంటి గోధుమరంగు పెడనలో ఎవరూ వెయ్యలేదు. అంచు అలా పాకేలా అద్దడం ఎవరికీ రాదు.

హుస్సేన్‌కి ఒక పాత మంట రేగింది. పంతొమ్మిదో ఏట తండ్రితో పోట్లాడి గుడివాడ వెళ్లి రైసుమిల్లులో ఆరేళ్లు బస్తాలు మోశాడు. తిరిగొచ్చాక తండ్రి అన్నీ నేర్పాడు, కానీ ఎక్కడో ఒకటి దాచాడని హుస్సేన్ అనుమానం. చివరిదాకా అనుమానమే. ఇదిగో, దాచింది ఇదే. ఈ గోధుమరంగు. తను లేని ఆరేళ్లలో పట్టుకుని, కోపంతో చెప్పకుండానే తండ్రి కన్నుమూశాడు.

“నమూనా ఎలా ఉందో అలా ఉండాలి. వెంట్రుకవాసి తేడా వస్తే కొనే పార్టీ ఒప్పుకోడు,” అన్నాడు అంకమ్మరావు. ఆ మాట ఆయన నోటితో ఆయనే అన్నాడు.

హుస్సేన్‌కి ఆ మాట వేరే చెప్పాలా? ముక్తార్ అలాగే పెంచాడు. ముక్తార్ కుర్రతనంలో ఎవరో దొరగారి నమూనాలో పిట్టకి ఒకటే కాలుంటే, పాపం మర్చిపోయారని రెండో కాలు అద్దాడు. రెండువందల దుప్పట్లు వెనక్కొచ్చాయి. అప్పటినుంచీ ఆ ఇంట్లో ఒకటే చట్టం. నమూనాలో ఏముంటే అది. కాలు లేకపోతే లేదు, మూడు కళ్లుంటే మూడు. మన తెలివి నమూనా మీద చూపించకూడదు.

కాగితం రాసుకున్నారు. గుడ్డ, ఖర్చులకి డబ్బు అంకమ్మరావు పెడతాడు. దానికి హామీ కాలవ గట్టు స్థలం. పార్టీ సరుకు వద్దంటే స్థలం అంకమ్మరావుది. ఏప్రిల్ పదో తారీకున కాలవ కట్టేస్తారు, మళ్లీ జూన్ దాకా నీళ్లు రావు, కాబట్టి ఏప్రిల్ పది లోపల నాలుగువందలూ తేలాలి. హుస్సేన్ చదవకుండానే సంతకం పెట్టాడు. పెన్ను పట్టుకున్నా మనసు గోధుమరంగు మీదే ఉంది.

ఇంటికొచ్చి పరదా విప్పితే భార్య రోషన్ బీ నెమళ్లను చూసి మురిసిపోయింది, మావగారి చేపపిల్లను చూసి కళ్లు తుడుచుకుంది. చుక్కల దగ్గరికొచ్చేసరికి వేలితో తడిమి చూసింది. గుడ్డ తిరగేసి వెనక వైపు చూసింది.

“ఇది అద్దింది కాదండీ,” అంది. “పడింది.”

“పడ్డమేంటి? ఫారిన్ వాళ్లు మాసిన గుడ్డ పంపిస్తారా నమూనాకి? మా నాన్న పని నీకేం తెలుసు?”

“మీ నాన్న పని తెలీదు. ఉతకడం తెలుసు,” అని ఆవిడ లోపలికి వెళ్లిపోయింది. హుస్సేన్‌కి నవ్వొచ్చింది. పన్నెండేళ్లుగా రంగు గుడ్డలు జాడిస్తున్న మనిషి రంగుకీ మరకకీ తేడా పోల్చుకోలేకపోతోందని అనుకున్నాడు.

అచ్చులు చెక్కాలి. ఆ నెమలి మెడ చెక్కగలిగినవాడు ఈ చుట్టుపక్కల జీవానందం ఒక్కడే. జీవానందం దివిసీమవాడు. బతికున్నాడో లేదో తెలియదు. హుస్సేన్ మర్నాడే అవనిగడ్డ బస్సెక్కాడు. పులిగడ్డ అక్విడక్టు వంతెన దాటాక దారి పొడుగునా కొబ్బరిచెట్లు తలల్లేకుండా నిలబడి ఉన్నాయి. నాగాయలంక వైపు నడుస్తూ కనపడ్డవాళ్లనల్లా అడిగాడు. ఒకరు పోయాడన్నారు. ఒకరు చూశామన్నారు. చివరికి సర్కారు ఇళ్లు కడుతున్న చోట, గుమ్మాలకి ద్వారబంధాలు చిత్రిక పడుతూ దొరికాడు. గడ్డం పెరిగిపోయి, ఎండుకొయ్యలా ఉన్నాడు. హుస్సేన్ పరుగెత్తుకెళ్లి వాటేసుకున్నాడు.

“వదులు బావా, పొట్టు అంటుకుంటది,” అన్నాడు జీవానందం. “నువ్వూ పోయావనుకున్నా. నాకు బాకీ ఎగ్గొట్టడానికే పోయాడ్రా అనుకున్నా.”

అతని భార్య సౌభాగ్యమ్మ మూడో రోజు దొరికిందట. మొహం చూసి కాదు, చీర అంచు చూసి పోల్చుకున్నాడు. ఆ అంచు అచ్చు అతను చెక్కిందే, హుస్సేన్ అద్దిందే. అంతవరకు చెప్పి చిత్రిక పట్టుకున్నాడు. హుస్సేన్ అతని చేతిలోంచి చిత్రిక లాక్కుని పరదా విప్పి ఇసక మీద పరిచాడు.

జీవానందం ముందు నెమళ్ల మెడలు చూశాడు. తర్వాత మోకాళ్ల మీద కూచుని చుక్కల మీద వంగాడు.

“ఇవి చెక్కినవాడెవడో గాని కొయ్య మీద గీత గియ్యలేదు బావా. చూడు, ప్రతి చుక్కకీ తోకుంది. అన్ని తోకలూ ఒకే పక్కకి ఉన్నాయి. జల్లు కొట్టినట్టు.”

“చెక్కగలవా లేదా?”

“నా ఉలులన్నీ సముద్రంలో ఉన్నాయి.”

“చెక్కగలవా లేదా?”

జీవానందం లేచాడు. గుడిసె చూరు మీద విరిగిన గొడుగొకటి ఉంటే దాని ఊచలు పీకి అక్కడే బండ మీద నూరడం మొదలుపెట్టాడు. సాయంత్రానికి ఆరు ఉలులు తయారయ్యాయి. మర్నాడు ఇద్దరూ పాత కబుర్లకి నవ్వుకుంటూ పెడన బస్సులో ఉన్నారు. ఉప్పెన తర్వాత జీవానందం నవ్వడం అదే మొదటిసారి అని హుస్సేన్‌కి తర్వాత తెలిసింది.

ఫిబ్రవరి అంతా ఆ ఇల్లు పెళ్లిల్లులా ఉంది. పాక మళ్లీ లేచింది. ఒక మూల జీవానందం టేకు ముక్కల మీద టకటక కొడుతుంటే, రోషన్ బీ గంగాళంలో కరక్కాయ నానబెట్టి, గేదె పాలు కలిపి, గుడ్డలు ముంచి ఆరేస్తోంది. పాలు పట్టిస్తే రంగు పక్కకి పాకదు, అద్దినచోటే నిలుస్తుంది. నలుపు సిద్ధమైంది, ఎరుపు సిద్ధమైంది. నెమళ్లు వచ్చాయి, చెట్టు వచ్చింది, తీగ అంచు వచ్చింది. గోధుమరంగు మాత్రం రాలేదు.

హుస్సేన్ తిండి మానేసి దాని వెంట పడ్డాడు. దానిమ్మ తొక్కతో చేస్తే పచ్చబడింది. ఇనుప తుక్కు ఎక్కువేస్తే బూడిదయింది. రంగులకి వాడే సురుడు చెక్కతో నాలుగు రకాలు చేశాడు, నాలుగూ ఎర్రగానే తేలాయి. నమూనాలో రంగు అవేవీ కాదు. పైకి ఎండిన ఆకులా ఉంటుంది, వెలుతురుకి పట్టుకుంటే లోపల ఎక్కడో ఎరుపు ఉంటుంది. తండ్రి ఎదురుగా నిలబడి నవ్వుతున్నట్టే ఉండేది అతనికి.

ఒకరోజు జీవానందం కిళ్లీ నముల్తూ ఉమ్మేశాడు. ఉమ్ము ఇసక మీద ఆరాక హుస్సేన్ దాన్నే చూస్తూ నిలబడిపోయాడు. కాచు. కిళ్లీలో వేసే కాచు. చెప్పులు కూడా వేసుకోకుండా రైలుస్టేషన్‌కి పరుగెత్తాడు.

గుడివాడలో రోషన్ బీ తమ్ముడు హనీఫ్‌కి కిళ్లీకొట్టుంది. హుస్సేన్ వెళ్లేసరికి కొట్టు ముందు రేడియో చుట్టూ జనం మూగి ఉన్నారు. బీరూట్‌లో మళ్లీ మొదలైందట. ఎవరు ఎవరిని కొడుతున్నారన్నది అక్కడెవరికీ సరిగ్గా తెలీదు, అయినా అందరూ తలో పక్షం పట్టి వాదించుకుంటున్నారు. హనీఫ్ అయితే ఆకులకి సున్నం రాస్తూనే ఇద్దరు నాయకుల్ని ఓడించేశాడు.

“బావా, మీ పార్టీ ఏ పక్షం?” అని అడిగాడు హుస్సేన్‌ని చూడగానే.

“గుడ్డ కొనే పక్షం. నీ దగ్గర కాచు ఎంతుంది?”

ఉన్నదంతా తీసుకున్నాడు. చాలలేదు. హనీఫ్ తిట్టుకుంటూనే పక్క కొట్లన్నీ తిరిగి పోగుచేశాడు. బస్టాండు నుంచి రైలుకట్ట దాకా పద్నాలుగు కొట్ల కాచు ఒక గోనెసంచిలో చేరింది. గుడివాడలో రెండు రోజులు ఎవరి నోరూ పండలేదు. హనీఫ్ కొట్టు ముందు ఒక మోతుబరి తిట్టిన తిట్లు ఆ కుటుంబంలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

కాచుతో రంగు దగ్గరికొచ్చింది. అందులో సురుడు కషాయం చెంచాడు, ఇనుప నీళ్లు నాలుగు బొట్లు కలిపాక ఇంకా దగ్గరికొచ్చింది. అంచు మాత్రం పాకదు. అచ్చు కొట్టినచోట కొట్టినట్టు గుండ్రంగా కూచుంటుంది, నాణెం అతికించినట్టు. మూడు రోజులు అక్కడే ఆగిపోయారు. నాలుగో రోజు హుస్సేన్ గంగాళం దగ్గర రోషన్ బీ గుడ్డ ముంచుతుంటే చూస్తూ చూస్తూ, ఉన్నట్టుండి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

“పాలు,” అన్నాడు. “ఆ మూలకి పాలు పెట్టకు.”

గుడ్డ ఎడమ మూల జానెడు పైకెత్తి పట్టుకుని మిగతాది ముంచారు. ఆరాక ఆ మూల మీద మంచినీళ్లు చిలకరించి, తడి తడిగా ఉండగానే చుక్కలు అద్దాడు. ముగ్గురూ వంగి చూశారు. రంగు కదిలింది. దారాల వెంట నెమ్మదిగా పాకింది, పాకి ఆగింది. నమూనా పక్కన పెట్టారు. జీవానందం రెండిటినీ మార్చి మార్చి చూసి, కండువా తీసి హుస్సేన్ నెత్తిన తలపాగా చుట్టాడు.

“మీ నాన్న దాచుకున్నాడు. నువ్వు లాక్కున్నావు. చెల్లుకు చెల్లు,” అన్నాడు.

హుస్సేన్ ఆ రోజు తండ్రి మీద ఇరవై ఏళ్ల కోపం వదిలేశాడు. కాలవ మెట్ల మీద కూచుని అంత పెద్దవాడూ పసివాడిలా ఏడ్చాడు, వెంటనే లేచి రెండో గుడ్డ తెమ్మన్నాడు.

మొదటి పరదా, నమూనా, రెండూ పట్టుకుని బందరు వెళ్లాడు. అంకమ్మరావు రెండిటినీ బల్ల మీద పక్కపక్కన పరిచి చూశాడు. పైనుంచి కిందికి చూశాడు. ఎడమ మూల మీద ఆయన చెయ్యి కూడా పెట్టాడు.

“ఏది తండ్రిదో ఏది కొడుకుదో నువ్వే చెప్పాలయ్యా,” అన్నాడు. “ఇక కానియ్. అక్కడ మళ్లీ గొడవలంటున్నారు. పార్టీ బొంబాయిలోనే ఉన్నాడు, సరుకు చూసుకోవడానికి తనే వస్తానన్నాడు. ఓడరేవులు మూసేలోగా దాటించాలి. తొందరగా కానియ్.” సొరుగు తెరిచి రసీదు పుస్తకం తీశాడు, సొరుగు మూశాడు.

ఇక ఆగిందెక్కడ? వీధి వీధంతా వచ్చింది. ఉప్పెనలో పనులు పోయినవాళ్లందరికీ హుస్సేన్ పాకే దిక్కయింది. పొద్దు పొడవకముందే బల్లల మీద అచ్చులు దబదబా పడేవి. నలుపు ఒకరు, ఎరుపు ఒకరు, ఆకు ఒకరు. పదిహేడు చుక్కలు మాత్రం హుస్సేన్ ఎవరి చేతికీ ఇవ్వలేదు. నాలుగువందల పరదాలకీ తనే అద్దాడు. ఎంత అలవాటైందంటే కళ్లు మూసుకున్నా చెయ్యి ఆ వాలులోనే వెళ్లేది. మొదట పెద్దది, దాని పక్కన జంట చుక్కలు, తర్వాత తోకలు పొడుగైనవి, చివర ఆవగింజలు.

ఏప్రిల్ ఆరున కాలవ కట్టేస్తున్నారని కబురొచ్చింది, చెప్పినదానికన్నా నాలుగు రోజుల ముందే. ఇంకా డెబ్బై పరదాలు జాడించాల్సినవి ఉన్నాయి. నడుముల్లోతు ఉండే నీళ్లు మధ్యాహ్నానికి మోకాళ్లకి దిగాయి. ఆడా మగా అందరూ కాలవలోకి దూకారు. గట్టు మీద ఒకరు, మెట్ల మీద ఒకరు, నీళ్లలో పదిమంది, చేతుల మీదుగా పరదాలు వెళ్తున్నాయి, వస్తున్నాయి. జీవానందం క్రిస్మస్ పాటలెత్తుకున్నాడు, ఏప్రిల్ నెలలో. ఎవరో బురదలో జారితే అందరూ నవ్వారు. రోషన్ బీ చీర కచ్చ బిగించి, వెనకబడ్డవాళ్లని పేరు పేరునా తిడుతూ, ఆఖరి పరదా చీలమండ లోతు నీళ్లలో జాడించి పైకి విసిరింది. గట్టంతా నెమళ్లే. అంత చిన్న స్థలంలో అన్ని నెమళ్లు పరిచి ఉండటం అంతకుముందెవరూ చూడలేదు. ఆ సాయంత్రం హుస్సేన్ ఆ స్థలం మధ్యలో నిలబడి నాలుగు పక్కలా తిరిగి చూశాడు. ఇక ఇది ఎక్కడికీ పోదనుకున్నాడు.

బీరూటాయన ఏప్రిల్ పదిహేనున బందరులో రైలు దిగాడు. యాభై ఏళ్లుంటాయి. ఆ ఎండలో కూడా కోటు విప్పలేదు. హుస్సేన్, జీవానందం తలకి నూనె రాసుకుని, ఉతికిన చొక్కాలు తొడుక్కుని అంకమ్మరావు కొట్లో పొద్దున్నించీ నిలబడి ఉన్నారు. బేళ్లు విప్పారు. ఆయన పైనున్న పరదా తీసి రెండు చేతులతో బారుగా చాపాడు. నెమళ్లను చూసి తల ఊపాడు. కళ్లు కిందికి దిగాయి. అక్కడే ఆగిపోయాయి.

రెండోది తీశాడు. మూడోది తీశాడు. తర్వాత బేలు మధ్యలోంచి ఒకటి లాగాడు. అడుగునుంచి ఒకటి లాగాడు. పాత పరదా ఏదని అడిగి, దాన్ని నేల మీద పరిచి, కోటుతోనే మోకాళ్ల మీద కూచుని, వేలితో ఒక్కో చుక్కనీ ముట్టుకున్నాడు. ఏదో అడిగాడు, చాలా నెమ్మదిగా.

“ఎవరు చేశారంటున్నాడు,” అన్నాడు అంకమ్మరావు.

హుస్సేన్ గుండె పొంగిపోయింది. చూడు, పనితనం తెలిసిన మనిషి, నెమళ్లు వదిలేసి సరిగ్గా చుక్కల దగ్గర ఆగాడు అనుకున్నాడు. ముందుకొచ్చి ఛాతీ మీద చెయ్యేసుకున్నాడు.

“నేనేనని చెప్పండి. ఇది మా నాన్న పని, పోయిందనుకున్నది మళ్లీ పట్టానని చెప్పండి. పదిహేడుకి పదిహేడూ ఉన్నాయని చెప్పండి.”

అంకమ్మరావు చెప్పలేదు. ఆయన మొహంలో రంగు దిగిపోయింది. బల్ల దగ్గరికి వెళ్లి, సొరుగు లాగి, ఇంగ్లీషు ఉత్తరం తీశాడు. కళ్లజోడు సర్దుకుని అప్పుడు చదివాడు, తెలుగులో, ఆగి ఆగి.

‘యుద్ధం ఆగిందన్న రోజు మా అన్నయ్య కొట్టు తెరిచి చూసుకోవడానికి వెళ్లాడు. మా వీధిలో ఇంకా ఆగలేదని ఆయనకి ఎవరూ చెప్పలేదు. కొట్లో కాలకుండా మిగిలింది ఈ ఒక్క పరదా. ఎడమ వైపు కింద ఉన్న మరకలు మా అన్నయ్యవి. ఎన్నిసార్లు ఉతికినా పోలేదు. వాటిని పట్టించుకోకుండా మిగతాది ఉన్నదున్నట్టు చెయ్యమని పనివాళ్లతో చెప్పండి.’

హుస్సేన్ తన చేతులు చూసుకున్నాడు. గోళ్లలో, గీతల్లో, కాచు రంగు ఇంకా ఉంది.

“ఆ ఉత్తరం ఎప్పుడొచ్చిందండీ?”

“నమూనాతోపాటే.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“చచ్చినోడి గుడ్డని చెప్తే నువ్వు ముట్టుకునేవాడివా? అయినా మరకకీ పువ్వుకీ తేడా తెలీదటయ్యా, ముక్తార్ కొడుకువి?”

“మొదటి పరదా చూసినప్పుడు మీ చెయ్యి దాని మీదే ఉంది.”

“నేను నెమళ్లు చూశాను,” అన్నాడు అంకమ్మరావు.

బీరూటాయన లేచి ఇంకేదో అడిగాడు. ఎన్ని అని అడుగుతున్నాడట. హుస్సేన్ పదిహేడన్నాడు, వేళ్లు చూపించి. ఆయన తల ఊపాడు. తను ఎప్పుడూ లెక్కపెట్టలేదట, పెట్టే ధైర్యం రాలేదట. పాత పరదా మడిచి కోటు లోపల పెట్టుకున్నాడు. వెళ్తూ వెళ్తూ హుస్సేన్ ముందు ఆగి, అతని చెయ్యి పట్టుకుని తిప్పి చూశాడు. వదిలేసి వెళ్లిపోయాడు. నాలుగువందల్లో ఒక్కటీ తీసుకోలేదు. ఎలా తీసుకుంటాడు? ఎవరి ఇంటి గుమ్మానికని వేలాడదీస్తాడు?

ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చి చెప్తే రోషన్ బీ ఒక్క మాట ఎత్తిపొడవలేదు. గంగాళం కడుగుతూ అంది, “వేణ్ణీళ్లలో ఉతికి ఉంటారు పాపం. చల్లటి నీళ్లలో నానబెడితే పోయేది.” గంగాళం బోర్లించి, ఆ అన్నగారు ఏ పక్షంవాడో అడిగారా అంది.

“కొట్టు తెరిచే పక్షం,” అన్నాడు హుస్సేన్.

కాగితం కాగితమే అన్నాడు అంకమ్మరావు. స్థలం రాయించుకున్నాక పరదాలతో తనకి పనిలేదన్నాడు. వాటిని జీవానందం రెండెడ్ల బండి మీద దివిసీమ తీసుకెళ్లాడు. అక్కడ కొత్త ఇళ్లకి ద్వారబంధాలున్నాయి, తలుపులు ఇంకా రాలేదు. మరకల సంగతి వాళ్లకి చెప్పమన్నాడు హుస్సేన్.

“చెప్తాలే,” అన్నాడు జీవానందం. “మరకలకి భయపడేవాళ్లు మా వైపు ఎవరూ మిగల్లేదు బావా.” నాలుగువందల గుమ్మాలకి అవే వేలాడాయి, రెండు నెమళ్లు, ఒక చెట్టు, చెట్టు మొదట్లో పదిహేడు చుక్కలు.

హుస్సేన్ ఆ స్థలంలో అంకమ్మరావు ఏర్పాటు చేసిన అద్దకం పాకలోనే కూలికి కుదిరాడు. వేరే చోటెక్కడుంది, నీళ్లున్నది అక్కడే. సొంత మెట్లు దిగడానికి ఇప్పుడు మేస్త్రీని అడగాలి. రిజిస్ట్రాఫీసులో మే తొమ్మిదిన రాసుకున్న దస్తావేజు నకలు అతని ఇంట్లో కరక్కాయల డబ్బాలో ఉంది. ఇంగ్లీషు చదవలేకపోయినా అందులో తెలుగు చదవగలడు, చదువుకుంటూనే ఉంటాడు. కాలవ వైపు హద్దు నూట పన్నెండు అడుగులు, రాతిమెట్లు ఏడు, వేపచెట్టు ఒకటి, వెరసి ముప్పై ఎనిమిది సెంట్లు.